పాపాయి పుట్టిన 21 రోజుల్లో

మన బడి అడ్మిషన్ రిజిస్టరులో ఎంతమంది పుట్టినరోజు జూన్ నెలలో ఉందో ఎప్పుడైనా గమనించారా? నాదీ అంతే. మా అమ్మ మాత్రం నేను చలికాలంలో, వరికోతలప్పుడు పుట్టానంటుంది. మా ఊళ్లో సోమవారం పుడితే సోములు, మంగళవారమైతే మంగులు, బుధవారమైతే బుద్రి అని పెట్టేస్తారు. అంటే వారం మన పేరులోనే ఉంది, తేదీయే ఎక్కడా లేదు! బడిలో చేర్చేటప్పుడు వయసు అంచనా కట్టి ఒక తేదీ వేసేశారు.

జనన మరణాల నమోదు చట్టం 1969లోనే వచ్చింది. బిడ్డ పుట్టిన 21 రోజుల్లోపు రాయించాలి. ఆసుపత్రిలో పుడితే ఆసుపత్రివాళ్లే తెలియజేయాలి. ఇంట్లో పుడితే ఇంటిపెద్ద వెళ్లి చెప్పాలి. ఊళ్లో అయితే పంచాయతీ ఆఫీసులో అడగాలి. గడువులోపు వెళ్తే రుసుము లేదు, సర్టిఫికెట్టు ఉచితమే.

"పేరు పెట్టాక వెళ్దాంలే" అంటారు మా పెద్దవాళ్లు. ఆగక్కర్లేదు. పేరు లేకుండానే రాయించవచ్చు. నమోదయ్యాక 12 నెలల్లోపు పేరు చెప్తే ఊరికే చేరుస్తారు.

21 దాటితే 30 రోజుల వరకు ఆలస్య రుసుము. ఆపైన ఏడాదిలోపైతే పై అధికారి అనుమతి కావాలి. ఏడాది కూడా దాటిందంటే కలెక్టరో, సబ్ కలెక్టరో, కలెక్టరు అధికారమిచ్చిన మెజిస్ట్రేటో ఉత్తర్వు ఇవ్వాలి. కొండమీది ఊరి నుంచి పాడేరు వెళ్లిరావాలంటే ఎన్నిరోజుల కూలి పోతుందో మీకే తెలుసు. మొదట్లోనే అయితే సంతకి దిగినప్పుడు పనైపోయేది.

2023లో చట్టం మారింది. ఆ సంవత్సరం అక్టోబరు 1 నుంచి పుట్టినవాళ్లకి బడికైనా, ఓటుకైనా, ప్రభుత్వ ఉద్యోగానికైనా పుట్టినతేదీ రుజువు ఈ సర్టిఫికెట్టే. మన జూన్ లెక్క మన తమ్ముళ్లకి పనికిరాదు.

డబ్బు సంగతి కూడా ఉంది. 2017లో మొదలైన ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో మొదటి కాన్పుకి 5,000 రూపాయలు ఇస్తారు. గర్భం నమోదై పరీక్ష చేయించుకున్నాక 3,000, పుట్టుక నమోదై మొదటి విడత టీకాలు పూర్తయ్యాక 2,000. రెండో కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. మా పిన్నికి 3,000 వచ్చింది, 2,000 రాలేదు. టీకాలన్నీ వేయించింది గానీ పుట్టుక రాయించలేదు. ఈ పథకం గురించి ఆశా అక్కని గానీ ఏఎన్ఎం గారిని గానీ అడగండి.

సెలవులకి ఊరెళ్లినప్పుడు ఇంట్లో పసిబిడ్డ ఉంటే రోజులు లెక్కపెట్టండి. అమ్మానాన్నల ఆధార్ కార్డులు, ఆసుపత్రి చీటీ ఉంటే అదీ పట్టుకుని మీరూ వెంట వెళ్లండి. పేర్లు ఆధార్‌లో ఎలా ఉన్నాయో అచ్చం అలాగే రాయించండి. సర్టిఫికెట్టు చేతికి రాగానే అక్కడే నిలబడి పైకి చదివి వినిపించండి. చాలా ఇళ్లలో చదవడం వచ్చింది మనకేగా.