యంత్రయుగమున బొమ్మల కొలువు

సంక్రాంతి బొమ్మల కొలువు పేరు వినని తెలుగు స్త్రీలు అరుదు. మెట్లను బేసి సంఖ్యలో నమర్చి, దేవతల బొమ్మలను పై మెట్టునను, కూరగాయల సంతను, పల్లెవాసులను క్రింది మెట్లమీదను నిలుపుదురు. అమ్మమ్మ నాటి కొండపల్లి బొమ్మ ప్రక్కన ఈ యేడు కొన్న క్రొత్త బొమ్మ నుంతురు. పిదప ఇరుగుపొరుగువారిని పేరంటమునకు పిలిచి, ఆ బొమ్మలను గూర్చి ముచ్చటింతురు. నేడు నగరములందు గొప్ప విద్యగా నెన్నబడుచున్న ప్రదర్శన నిర్వహణమునకును ఇదియే మూలసూత్రము. వస్తువులను ఏరుట, వానిని అర్థవంతముగా నొకదాని ప్రక్క నొకటి యుంచుట, చూడవచ్చినవారిచేత మాటలాడించుట అను మూడును ఇందు గలవు. మూడవది లేనిచో ప్రదర్శనము వట్టి దుకాణమగును.

కళ, యంత్రము, రాబోవు కాలము అనువానిని గూర్చిన ప్రదర్శనములు, సంభాషణలు ఇపుడు దేశదేశములందు జరుగుచున్నవి. అవి మనకు సంబంధించినవి కావని సోదరీమణులు కొందరు తలపవచ్చును. ఆ తలంపు సరికాదని మా యభిప్రాయము.

హైదరాబాదులోని మూసాపేట నివాసినులకు ఈ సంగతి పరిశీలించుటకు మంచి వసతి గలదు. అచ్చటి మెట్రో రైలు స్టేషను 2017 నవంబరులో తెరువబడినది. అచ్చట రైలెక్కి నేరుగా పోయినచో నాంపల్లి చెంతనున్న గాంధీభవన్ స్టేషను చేరవచ్చును. అమీర్‌పేటలో బండి మారినచో రాయదుర్గము చేరవచ్చును. మొదటి దారి ప్రాతదైన నుమాయిష్‌నకును, రెండవది క్రొత్తదైన యంత్రశాలకును పోవును.

నుమాయిష్ 1938లో పబ్లిక్ గార్డెన్స్‌నందు ప్రారంభమైనది. ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు సంస్థానపు ఆర్థిక స్థితిని పరిశోధింప దలచి, అందులకు వలయు ధనమును కూర్చుటకై స్థానిక పరిశ్రమల వస్తువులను ప్రజలకు చూపిరి. 1946లో అది నేటి మైదానమునకు మారినది. దానిని నడపు ఎగ్జిబిషన్ సొసైటీ విద్యాసంస్థలను పోషించుచున్నది. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము, కమలా నెహ్రూ పాలిటెక్నిక్కు వానిలోనివే. గాజులు కొన బోయిన తల్లి టిక్కెట్టు సొమ్ము, ఒక బాలిక చదువునకు తోడ్పడుచున్నదన్నమాట.

రాయదుర్గమునందలి టీ-వర్క్స్ 2023 మార్చి 2వ తేదీన ప్రారంభమైనది. దాని వైశాల్యము 78,000 చదరపు అడుగులు. మనసునందు తోచిన యంత్రమునకు మొదటి నమూనా చేసికొనుటకు వలయు పరికరము లచ్చట నున్నవి. దానికి కొలదిదూరములో, మాదాపురమున, రాష్ట్ర చిత్రకళాశాల గలదు. చిత్రములొక భవనమునను, యంత్రములొక భవనమునను ఉండుటచేత ఆ రెండును వేర్వేరు లోకములని పిల్లలకు తోచుట సహజము. నిజమున కట్టి భేదము లేదు. సాలార్‌జంగ్ మ్యూజియమునందలి సంగీత గడియారము నెదుట గంటకొకమారు జనము గుమిగూడుదురు. గడ్డముగల చిన్న బొమ్మ వెలుపలికి వచ్చి గంట కొట్టి లోనికి పోవును. అది బొమ్మయా, యంత్రమా యని యచ్చట నెవ్వరును తగవులాడరు గదా!

ఇంతకంటె మనకు దగ్గరి దృష్టాంతము పోచంపల్లి చీర. ఆ నేతకు రంగు లద్దుటకు ముందు ఆసు పోయవలెను. అర్ధచంద్రాకారముగా నాటిన మేకుల చుట్టును దారమును చేతితో త్రిప్పవలెను. ఒక్క చీరకు చేయి సుమారు 9000 మారులు అటు నిటు కదలవలెను. ఇది చాలవరకు ఇంటి స్త్రీల పని. ఆలేరు వాసి చింతకింది మల్లేశం గారు తల్లి లక్ష్మి గారి భుజముల నొప్పి చూచి, ఈ పనికి యంత్రమును 1999లో సాధించి, దానికి లక్ష్మి ఆసు యంత్రమని తల్లి పేరే పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ లభించినది.

చీరను మాత్రమే అద్దాల పెట్టెలో నుంచినచో జనులు సొగసును మెచ్చుకొందురు. యంత్రమును మాత్రమే యుంచినచో తెలివిని మెచ్చుకొందురు. ఆసు మేకులను, యంత్రమును, చీరను వరుసగా నుంచి, ఆసు పోసిన వృద్ధురాలిని పీటపై కూర్చుండబెట్టి మాటలాడించినచో, ఒక స్త్రీ యొడలి శ్రమ లోకమునకు తెలియును. కూర్చువారు దేనిని విడిచిపెట్టుదురో దానిని లోకము మరచును. స్త్రీల పని యెన్నిమారు లట్లు మరువబడినదో చెప్పనక్కర లేదు.

ఇప్పుడు చిత్రములు వ్రాయు కంప్యూటరులు వచ్చినవి. మనుష్యులు వ్రాసిన లెక్కలేనన్ని బొమ్మలను చదివి అవి క్రొత్తవానిని గీయుచున్నవి. రేపు వాకిట ముగ్గులను, పోచంపల్లి చుక్కలను చదివి గీసిన చిత్రము గోడకెక్కినపుడు, దాని క్రింది చీటిపై నెవరి పేరుండవలెను? ఆ కూలి యెవరికి చెందవలెను? ఈ ప్రశ్న యడుగుటకు గణితశాస్త్ర పాండిత్య మక్కరలేదు. ముగ్గు పెట్టిన చేయి చాలును.

కావున ప్రదర్శనమునకు పోయినపుడు ప్రతి వస్తువు ముందును మూడు సంగతులు విచారింపుడు. ఇది యెవరు చేసిరి? దీనివలన నెవరి శ్రమ తగ్గినది, ఎవరి జీవనము పోయినది? చీటిపై నెవరి పేరు లేదు? పిల్లలచేతను అడిగింపుడు. నిర్వాహకులకు వ్రాయుడు. సభ జరిగినచో వెనుక వరుసను విడిచి ముందు కూర్చుండుడు.

రాబోవు సంక్రాంతి కొలువున క్రింది మెట్టుపై తిరుగలిని, దాని ప్రక్క మిక్సీని, వాని చెంత పాడైన ఫోనును ఉంచి చూడుడు. పేరంటమునకు వచ్చిన పెద్దమ్మను తిరుగలి కథ చెప్పుమనుడు, మనుమరాలిని ఫోను కథ చెప్పుమనుడు. తాంబూలము లిచ్చునంతలో, ఏ మ్యూజియమునకును తీసిపోని సంభాషణ మీ యింటనే జరుగును.