కనబడని పనికి కూలి

పాత మోటారుకారును గూర్చి ఒకే యింట రెండభిప్రాయములుండుట వింతకాదు. పెద్దవారికి అది తొలిబిడ్డను ఆసుపత్రినుండి ఇంటికి తెచ్చిన వాహనము. తిరుపతికి, శ్రీశైలమునకు పోయివచ్చిన వాహనము. ఊరివారి పెండ్లిండ్లకు వెళ్లి పూలదండలతో తిరిగివచ్చిన వాహనము. పిన్నలకు అది పెరటిలో చోటు నాక్రమించిన ఇనుపగుట్ట. అమ్మివేయుదమని వీరు, ఉండనిండని వారు వాదించుకొనుచుండగనే సంవత్సరములు గడచిపోవును. ఈ వాదములో ఏ పక్షమునను చేరక, రేయింబవళ్లు తన పని తాను చేసికొనిపోవునది ఒకటి కలదు. అది తుప్పు.

తెలుగునాట పెరళ్లలోను, చావిళ్లలోను ఇట్లు నిలిచిపోయిన కార్లలో అంబాసిడరుకు ప్రత్యేకస్థానమున్నది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును నమూనాగా గైకొని, హిందూస్థాన్ మోటార్స్ వారు కలకత్తాకు సమీపమునగల ఉత్తరపారా కార్ఖానాలో 1957 నుండి 2014 వరకు దానిని తయారుచేసిరి. కలెక్టరు బంగళాముందు, డాక్టరుగారి వాకిట, రైలుస్టేషను వెలుపల టాక్సీల వరుసలో ఏండ్ల తరబడి కనబడినది ఆ గుండ్రని కారే. 2014 మే నెలలో తయారీ నిలిచిపోయినది. నాటినుండి ఉన్న బండ్లను బాగుచేసికొనుటయే కాని, క్రొత్తది కొను మార్గము లేదు.

మనసు గట్టిచేసికొని బాగుచేయింపబూనిన గృహస్థునకు మొదట కలుగు భయము ఇంజనును గూర్చినది. నిజమునకు ఇంజను అంత భయపడదగినది కాదు. పిస్టను ఎంత అరిగినది, సిలిండరును ఎంతమేర బోరు చేయవలెను, ఏ బేరింగు మార్చవలెను అను విషయములను కొలిచి చెప్పవచ్చును. కొలిచి చెప్పగల పనికి ఖర్చునుగూడ కాగితముపై వేయవచ్చును. అసలు చిక్కు రేకులో ఉన్నది. "రేకుపనికి ఎంతవుతుంది మేస్త్రీ?" అని అడిగినచో, నిజాయితీగల టింకరింగు మేస్త్రి చెప్పు సమాధాన మొక్కటే: "విప్పి చూస్తేగాని చెప్పలేమండీ."

ఆ మాట వినినంతనే గృహస్థునకు అనుమానము పుట్టును. విప్పినపిదప నోటికివచ్చిన మొత్తము అడుగునేమో యని శంకించును. ప్రక్క షెడ్డులో మరియొకడు బండిచుట్టు ఒకమారు తిరిగి, నిమిషములో ఒక అంకె చెప్పును. అది తక్కువగా ఉండును. బండి అక్కడకు పోవును. అనేక పాతకార్ల కథ చెడుట కిదియే ఆరంభము. నిమిషములో చెప్పిన అంకె ఏ పనికి చెప్పినదో తెలియవలెనన్న, కారు శరీరమును గూర్చి కొంత తెలిసికొనవలెను.

శరీరమే వెన్నెముక

హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదములో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొరకు తెప్పింపబడిన రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ కారును చూచినవారు అనేకులుందురు. ఆ కాలమున పెద్దకారు రెండుచోట్ల పుట్టెడిది. చక్రములు, ఇంజను, వానిని మోయు ఉక్కుచట్రము ఒక కార్ఖానాలో సిద్ధమయ్యెడివి. ఆ చట్రముపై కూర్చుండు శరీరమును వేరొకరు కట్టెడివారు. నిజాము కారుకు శరీరము కట్టినవారు లండనులోని బార్కర్ కంపెనీవారు. పూర్వము గుఱ్ఱపుబండ్లు కట్టి పేరొందినవారు. అట్టి బండికి శరీరము చెడినను చట్రము చెడదు. లారీల సంగతి నేటికిని ఇట్టిదే. విజయవాడ ఆటోనగరులో ఒట్టి చట్రముతో వచ్చిన లారీకి కొయ్యతోను, రేకుతోను శరీరము కట్టుట ఒక పెద్ద వృత్తి.

అంబాసిడరు అట్టిది కాదు. దానికి వేరు చట్రము లేదు. నేలరేకు, ప్రక్కరేకులు, పైకప్పు, ఇంజను ముందరి గోడ – అన్నియు అతికిన రేకుపెట్టెయే దాని ఎముకలగూడు. ఇంజను బరువును, వెనుకనుండు కమానుపట్టీల తాకిడిని, లోన కూర్చుండువారి భారమును రేకే మోయవలెను. అందు ముఖ్యముగా మోయునవి, తలుపుల క్రింద ఇరువైపుల పొడవునా సాగు బోలుదూలములు. ఇవి లోలోన జీర్ణించినచో బండి నడుము వంగును. తలుపు మూయబోయినచో గడియ అందదు. దానిని చూచి తలుపు బందులు అరిగినవని అనుకొనువారే ఎక్కువ. కమానుపట్టీలను బిగించిన చోట రేకు చివికినచో, వేగముగా పోవు బండికి వెనుక ఇరుసు స్థానము తప్పు ప్రమాదమున్నది. కావున ఈ బండికి రేకుపని అలంకారము కాదు. అది లోన కూర్చుండువారి ప్రాణములకు సంబంధించినది.

తుప్పు నడచు దారి

ఇనుము, నీరు, ప్రాణవాయువు – ఈ మూడును కలిసినచోట తుప్పు పుట్టును. ఉప్పు తోడైనచో ఆ నీటిలో విద్యుత్తు సులభముగా ప్రవహించి పని మరింత త్వరితమగును. విశాఖపట్టణము, కాకినాడ, మచిలీపట్టణము వంటి సముద్రతీరపు ఊళ్ల బండ్లు లోపలి ఊళ్ల బండ్లకంటె ముందుగా తుప్పుపట్టుటకు కారణమిదియే. అల్యూమినియముపై ఏర్పడు ఆక్సైడు పొర గట్టిగా అంటుకొని లోహమునకు కవచమగును. ఇనుపతుప్పునకు ఆ గుణము లేదు. అది పొలుసులుగా రాలి, క్రిందనున్న మంచి ఇనుమును మరల గాలికిని నీటికిని అప్పగించును. పైగా అది తాను పుట్టిన ఇనుముకంటె పలురెట్లు చోటు నాక్రమించును. రంగు పొక్కులుగా లేచుట అందువలననే. పొక్కు పైకి కనబడునాటికి తుప్పు లోపల ఎంతో దూరము నడచియుండును.

నీరు చేరు త్రోవలు చిత్రమైనవి. కిటికీ అద్దము ప్రక్కనున్న రబ్బరు ఎండిపోయినచో వాననీరు తలుపులోనికి దిగును. ఆ నీరు పోవుటకు తలుపు అడుగున చిన్నరంధ్రములుండును. దుమ్మును, ఆకులును చేరి అవి మూసికొనిపోయినచో తలుపు నీటితొట్టి యగును. వేపచెట్టు నీడ మంచిదని బండిని దానిక్రింద నిలుపుదురు. రాలిన ఆకు అద్దము ముందరి సందులో కుళ్లి, తడిని ఆరనీయదు. ఎండవాన తగులకుండ టార్పాలినుతో బిగించి కప్పుట మరియొక పొరపాటు. లోని చెమ్మ బయటకు పోదు. ప్రేమతో కప్పిన గుడ్డయే బండిని తినివేయును. ఏటేట ఆ రంధ్రములను ఒక ఇనుపతీగెతో పొడిచి శుభ్రపరచిన పోయెడిదానికి, గోటితో పోవుదానికి గొడ్డలి యన్నట్లు, తుదకు వెల్డింగు అవసరమగును.

పైన పటారము, లోన లొటారము

నిమిషములో చెప్పిన అంకె సాధారణముగా లప్పమునకు చెప్పిన అంకె. చిల్లుపడిన చోట వలగుడ్డయో, తగరపురేకో అడ్డముపెట్టి, దానిపై లప్పము దట్టముగా పూసి, ఉప్పుకాగితముతో రుద్ది, రంగువేసినచో బండి పెండ్లికొడుకువలె మెరయును. ఆ లప్పము బలము నిచ్చునది కాదు, బరువు మోయదు. అంతేకాదు, వెనుకవైపునుండి చెమ్మను పీల్చికొని, దాచిన తుప్పును మరింత పోషించును. ఒక వానకాలమో రెండు వానకాలములో గడచునప్పటికి పగుళ్లు విచ్చి, పెచ్చు ఊడిపోవును. అప్పుడు చూడగా మొదటి చిల్లు రెట్టింపై యుండును. గృహస్థు ఇచ్చిన డబ్బు బాగుచేయుటకు గాక, తుప్పునకు ముసుగు వేయుటకు ఖర్చైనదని అప్పుడు తెలియును.

లప్పమే పాపమని దీని తాత్పర్యము కాదు. మంచిరేకును సుత్తితో సరిచేసినపిదప మిగిలిన చిన్న ఎగుడుదిగుడులను పూడ్చుటకు పలుచని పొర ఉపయోగించుట అన్నిచోట్ల కలదు. రెండు మూడు మిల్లీమీటర్లకు మించి పూయుటయు, చిల్లులపై పూయుటయు దోషములు. పరీక్షించు ఉపాయము సులభమైనది. చిన్న అయస్కాంతమును మెత్తని గుడ్డలో చుట్టి రేకువెంట నడపినచో, ఇనుమున్నచోట పట్టుకొనును. లప్పము మందముగానున్నచోట జారిపోవును. బండిక్రింద దూరి సుత్తిపిడితో తట్టిచూచుట మరియొక ఉపాయము. మంచిరేకు ఖంగున పలుకును. చివికినరేకు మూగగా మ్రోగును.

సరియైన పని

సరిగా చేయబూనిన మేస్త్రి మొదట బ్యాటరీని, పెట్రోలు ట్యాంకును, సీట్లను తొలగించును. వెల్డింగు నిప్పురవ్వ వానికి తగులరాదు. పిమ్మట దూలములను కోయుటకు ముందు తలుపుల సందులలో ఇనుపకడ్డీలను అడ్డముగా అతికించి బండి ఆకారమును బిగించును. ఈ జాగ్రత్త తీసికొననిచో, జీర్ణించిన దూలము కోసినంతనే బండి కుంగి, తరువాత ఏ తలుపును దాని చోట ఇమడదు. కోతయు తుప్పు కనబడినంతవరకే కాదు. మంచి ఇనుము మెరయువరకు సాగవలెను. చిల్లు అరచేయంత యుండగా, తీయవలసిన రేకు మూరెడగుట ఇందువలననే. విప్పి చూచినగాని చెప్పలేమన్న మాటకు అర్థమిది.

క్రొత్తరేకు అంగడిలో దొరకనిచో అట్టముక్కతో కొలతతీసి, ఉక్కురేకును కత్తిరించి, సుత్తిని దిమ్మను ఉపయోగించి వంపు తీయవలెను. ఆ రేకు మందము ఒక మిల్లీమీటరుకు అటునిటు. ఒకేచోట వేడి ఎక్కువైనచో అది సాగి, చల్లారునప్పుడు ముడుచుకొని, నీటిపై అలలవలె వంకరలు పోవును. అందుచే మేస్త్రి ఇక్కడొక చుక్క, జానెడు దూరమున మరొక చుక్కగా అతుకుచు, చల్లారువరకు ఆగుచు పోవును. చూచువారికి అది కాలయాపనగా తోచును. ఆ ఆగుటలోనే నేర్పున్నది. అతుకు పూర్తియైనపిదప దానిని రాచి, తుప్పు నిరోధించు ప్రైమరు పూసి, అటుపిమ్మట లప్పము, మరల ప్రైమరు, నీటితో రుద్దుట, రంగు, కట్టకడపట బోలుదూలముల లోపల మైనమువంటి నూనె పిచికారీ. ఇన్నిటిలో పదిమందికి కనబడునది రంగొక్కటే. కూలిలో అధికభాగము దానికి పూర్వము జరిగిన పనిది. గృహస్థు వాదులాడునదియు ఆ భాగముకొరకే. తాను చూడనిదానికి డబ్బిచ్చుట ఎవరికైనను కష్టమే కదా!

లెక్క కుదుర్చుకొను విధము

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అన్న పెద్దలు నేడుండినచో పాతకారు బాగుచేసి చూడుమని మూడవమాట చేర్చెడివారు. రేకుపని మొత్తమును గుత్తకిచ్చినచో, లోన అనుకొననంత తుప్పు బయటపడిననాడు మేస్త్రికి నష్టము. ఆ నష్టమును అతడు లప్పముతో పూడ్చుకొను ఆశ పుట్టును. గంటలలెక్కకు ఇచ్చినచో గృహస్థునకు హద్దు తెలియదు. ఈ రెంటికి నడుమ మార్గమున్నది. విప్పి, గీకి, లోపములను చూపుట ఒక పనిగా భావించి దానికి వేరుగా కూలి ఇచ్చుట. చూచినపిదప దూలములు, నేల, తలుపులు, మడ్‌గార్డులు అని భాగములుగా ఖర్చు వేయించుట. ఒక్కొక్కభాగము ముగిసినపుడు, ప్రైమరు పూయకమునుపే అతుకును కన్నులారచూచి డబ్బు చెల్లించుట. కోసిన రేకును పారవేయక చూపుమని కోరుట అనుమానము కాదు. మంచి మేస్త్రి దానిని గర్వముగనే చూపును.

ఇంతటితో ఖర్చు తిరిగివచ్చునా యన్న ప్రశ్న మిగిలియున్నది. సాధారణమైన అంబాసిడరును అమ్మినచో రేకుపనికి పెట్టినది రాకపోవుటయే తరచు. లాభమునకై ఈ పనికి దిగువారు ముందుగనే విరమించుకొనుట మేలు. దూలములు, నేల, కమానుపట్టీల చోట్లు అన్నియు చివికిన బండియైనచో, దాని తలుపులను, అద్దములను, ఇంజనును మరొక బండిని నిలుపుటకు ఇచ్చివేయుటయు గౌరవమైన ముగింపే. జ్ఞాపకమునకు వెల కట్టుట ఎవరి ఇష్టము వారిది. కాని ఆ వెల ఎంతయో సగముపని జరిగినపిదప గాక, మొదటనే తెలిసియుండవలెను. రేకులు విప్పి, డబ్బుచాలక షెడ్డుమూలన విడిచిన బండికంటె పెరటిలోని బండి నయము.

చట్టమునకును ఇందు పాత్ర కలదు. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము ప్రకటించిన నిబంధనల ప్రకారము, మొదటి రిజిస్ట్రేషనునుండి 50 సంవత్సరములు దాటి, తొలిరూపమును నిలుపుకొన్న వాహనమును "వింటేజి" వాహనముగా నమోదుచేయించుకొనవచ్చును. దానికి నిర్ణయింపబడిన రుసుము 20,000 రూపాయలు. గడువు 10 సంవత్సరములు. శరీరము, ఇంజను మొదలగువానిలో గణనీయమైన మార్పు ఉండరాదు. నిత్యప్రయాణమునకు ఆ బండిని వాడరాదు. కావున వెడల్పు చక్రములకై మడ్‌గార్డులు కోయించుటవంటి ముచ్చటలు ఆ గౌరవమును పోగొట్టవచ్చును. పాతరేకు స్థానమున అదే ఆకారముగల రేకు చేరుట వేరు. ఆకారమునే మార్చుట వేరు. దేవాలయపు రథమునకు చక్రము మార్చుదురు, జీర్ణించిన దూలము మార్చుదురు. ఐనను ఉత్సవమునాడు భక్తులు లాగునది తాతలనాటి రథమే. ఆ కొయ్యను మునుపటి కొలతకే చెక్కిన వడ్రంగి చేతిలో ఆ రథము నిలిచియున్నది.

నేటి వర్క్‌షాపులలో దెబ్బతిన్న రేకును సరిచేయుటకంటె ఊడదీసి క్రొత్తది బిగించుట అలవాటైనది. తయారీలో ఉన్న కార్లకు అది చెల్లును. తయారీ ఆగిన కారుకు మాత్రము సుత్తిపట్టి వంపుతీయగల చేయియే దిక్కు. లప్పమునకును అతుకునకును ఒకే కూలి ఇచ్చునంతకాలము ఆ చేయి లప్పమువైపే పోవును. నేర్చుకొనవచ్చిన పిల్లవాడును అదియే నేర్చుకొనును. మెరుగునకు గాక, మెరుగుక్రిందనున్న ఇనుమునకు కూలి ఇచ్చువారున్నచోట ఆ విద్య నిలుచును. అట్టి బండి ఇంటికి వచ్చినపిదప పదివానకాలములు గడచినను, దానిక్రింద దూరి సుత్తిపిడితో తట్టినచో ఖంగుమను.