ముడుచుకొన్న కాలివ్రేళ్లు

పక్షవాతము వచ్చిన పెద్దలలో కొందరికి కాలివ్రేళ్లు క్రిందికి ముడుచుకొనిపోవును. చెప్పు తొడుగుకొనలేరు, అడుగు వేసినచో నొప్పి. దోషము వ్రేళ్లలో లేదు. కండరములను అదుపులో నుంచు మెదడు దెబ్బతినుటచే అవి సడలక బిగిసియుండును.

ఇందులకు ఒక విషమే మందైనది. చెడిన మాంసములో పుట్టు బొట్యులినమ్ విషము ఔషధముగా పనికిరావచ్చునని జర్మనీ వైద్యుడు జస్టినస్ కెర్నర్ 1822లోనే ఊహించెను. అత్యల్ప మోతాదులో బిగిసిన కండరమునకు సూదిమందుగా ఇచ్చినచో, నరము పంపు ఆజ్ఞను అది అడ్డగించును. కొన్ని దినములలో కండరము సడలును. ఆ గుణము సుమారు మూడు నెలలుండును.

అయితే మెదడులోని గాయమును ఇది మాన్పదు. ఆ మూడు నెలలలో వైద్యులు చెప్పినట్లు వ్రేళ్లను సాగదీసి, నడక నభ్యసించిననే ఫలము. మన బెంగుళూరు నిమ్హాన్స్‌లో నాడీరోగుల పునరావాసమునకు ప్రత్యేక విభాగము కలదు. విద్యార్థులారా! ఇంట తాతగారి వ్యాయామమునకు ప్రతిదినము తోడుండుట మీరు చేయగల సేవ.