ప్రాసెసర్‌కు వేగం ముఖ్యమా, కోర్లు ముఖ్యమా?

సినిమా తెరమీద కోట కూలుతుంది, మంటలు లేస్తాయి. నిజానికి అక్కడ కోటా లేదు, మంటా లేదు! కంప్యూటర్ లెక్కకట్టి గీసిన బొమ్మలవి. ఏ చుక్కమీద ఎంత వెలుగు పడాలో, నీడ ఎటు పోవాలో లెక్కించి బొమ్మను తయారు చేయడాన్ని 'రెండరింగ్' అంటారు.

సినిమాలో సెకనుకు 24 బొమ్మలు కదులుతాయి. అంటే 10 సెకన్ల దృశ్యానికి 240 బొమ్మలు కావాలి. ఒక్కొక్క బొమ్మకు ఒక గంట పడితే, కంప్యూటర్ రాత్రింబవళ్లు పనిచేసినా 10 రోజులు పడుతుందన్న మాట! తీరా చూసి దర్శకుడు 'నీడ బాగులేదు' అంటే మళ్లీ మొదటికే వస్తుంది. కనుక తగిన ప్రాసెసర్‌ను ఎంచుకోవాలి.

కంప్యూటర్‌లో లెక్కలు చేసేది ప్రాసెసర్. అందులోని కోర్లు పనివాళ్ల వంటివి. ఒక్కొక్క కోరు ఎంత చురుకైనదో గిగాహెర్ట్జ్‌లలో చెబుతారు. ఒక గిగాహెర్ట్జ్ అంటే సెకనుకు 100 కోట్ల స్పందనలు.

ఒకే తరహా కోర్లున్న రెండు ప్రాసెసర్లను తీసుకుందాం. మొదటిదానిలో 5 గిగాహెర్ట్జ్ కోర్లు 8, రెండవదానిలో 3 గిగాహెర్ట్జ్ కోర్లు 32. ఏది మంచిది?

అది పనినిబట్టి ఉంటుంది. పదిమంది దిగితే వరినాట్లు త్వరగా అవుతాయి. కాని పదిమంది చుట్టూ కూర్చున్నంత మాత్రాన పాలు త్వరగా తోడుకోవు కదా! రెండరింగ్ నాట్ల వంటిది. ఒక బొమ్మ పూర్తికాకుండానే మరొకటి మొదలు పెట్టవచ్చు. 8×5=40, 32×3=96; కాబట్టి ఇక్కడ రెండవదే మేలు. నీటి అలల కదలికను లెక్కించడం వేరు. ఈ క్షణంలో అల ఎక్కడుందో తెలిస్తేగాని మరుక్షణం సంగతి తెలియదు. అక్కడ చురుకైన కోరు కావాలి.

1995లో విడుదలైన 'టాయ్ స్టోరీ' పూర్తిగా కంప్యూటర్ బొమ్మలతో తీసిన మొదటి పూర్తి నిడివి కథాచిత్రం. దాని రెండరింగ్‌కు సన్ కంపెనీవారి 117 కంప్యూటర్లు పనిచేశాయి. మొత్తం సుమారు 8 లక్షల యంత్రగంటలు పట్టాయి. ఒకే యంత్రానికి అప్పగించి ఉంటే 90 ఏళ్లు దాటేది!

అయితే కోర్లు పెంచుకుంటూ పోతే చాలా? చాలదని 1967లో జీన్ ఆమ్‌డాల్ అనే ఇంజనీరు చూపించాడు. ఒక కోరు 10 గంటల్లో చేసే పనిలో ఒక గంట పనిని పంచడానికి వీలుకాదనుకోండి. మిగతా 9 గంటల పనిని 9 కోర్లకు పంచితే మొత్తం 2 గంటలు పడుతుంది. మరి 90 కోర్లకు పంచితే? లెక్క వేసి చూడండి. పదిరెట్ల కోర్లు కొన్నా, కాలం సగం కూడా తగ్గదని మీకే తెలుస్తుంది!