శస్త్రవైద్యుల వృత్తిగ్లాని – దాని కారణములు

మా పాఠశాలలో పై తరగతుల విద్యార్థులను "పెద్దవారైన పిమ్మట మీరేమి కాగోరుచున్నారు?" అని ప్రశ్నించినచో ప్రతి సంవత్సరము కొందరైనను "డాక్టరు" అని ప్రత్యుత్తరమిత్తురు. అందును ఆపరేషనులు చేయు శస్త్రవైద్యుడు కాగోరువానిని తోటివారు మరింత గౌరవముతో చూచుదురు. ఇది ఉచితమే. కత్తి పట్టి ప్రాణము నిలుపు విద్య సామాన్యమైనది కాదు. అయితే ఆ విద్య నభ్యసించినవారు కాలక్రమమున ఎట్లు అలసిపోవుచున్నారో, ఆ అలసటకు హేతువులేవో తెలిసికొనుట వైద్యులు కాగోరువారికే గాక, రోగులుగా వారి యొద్దకు పోవు మనకందరకును అవసరము. కావున ఆ విషయమును ఇచ్చట సంగ్రహముగా వివరింపబూనితిమి.

అలసట యనునది అందరు ఎరిగినదే. నాట్ల కాలమున దినమంతయు నడుము వంచి పనిచేసిన కూలి సాయంకాలమునకు డస్సిపోవును. రాత్రి కడుపునిండ తిని నిదురించినచో తెల్లవారునప్పటికి తేరుకొనును. ఇది దేహధర్మము. కాని నిదురించినను తీరని అలసట వేరొకటి కలదు. ఊటబావిని తలచుకొనుడు. పగలు తోడిన నీరు రాత్రి ఊటతో మరల నిండును. ఊటకు మించి తోడినచో కొన్ని దినములు బావి ఓర్చుకొనును. పిమ్మట చేదలో బురద వచ్చును. అప్పుడు ఒక్క రాత్రి ఆగినంత మాత్రమున నీరు తేటపడదు. మనుష్యుని శక్తిని ఇట్లు దీర్ఘకాలము ఊటకు మించి తోడుటవలన కలుగు స్థితిని ‘బర్నౌట్’ అందురు. ఈ వ్యాసమున మేము దానిని ‘వృత్తిగ్లాని’ యని వ్యవహరింతుము.

ఈ స్థితిని వర్ణించినవారిలో హెర్బర్ట్ ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వవేత్త ప్రసిద్ధుడు. ఆయన న్యూయార్కు నగరమున పగలు తన వృత్తి చూచుకొని, రాత్రులందు ఒక ఉచిత వైద్యశాలలో సేవ చేసెడివాడు. అచ్చట మిక్కిలి ఉత్సాహముతో చేరినవారే కొంతకాలమునకు నీరసించి, విసుగు చెందుట గమనించి 1974లో ఒక వ్యాసము వ్రాసెను. దీనిని కొలుచుటకు క్రిస్టినా మాస్లాక్, సూసన్ జాక్సన్ అను విదుషీమణులు 1981లో ఒక ప్రశ్నావళిని ప్రకటించిరి. వారు చెప్పిన లక్షణములు మూడు. మనస్సులోని సత్తువ ఉడిగిపోవుట మొదటిది. ఎదుటివానిని మనుష్యునిగా గాక వస్తువుగా చూచుట రెండవది; రోగి పేరు మరచి "ఏడవ మంచము మీది అపెండిక్సు" అని మాత్రమే తలచు వైద్యుడు ఈ దశకు చేరువలో నున్నాడనవచ్చును. తాను చేయుచున్న పనివలన ప్రయోజనమేమియు లేదని తోచుట మూడవది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దీనిని రోగముగా గాక, సరిగా చక్కబెట్టని దీర్ఘకాలపు పని ఒత్తిడివలన కలుగు వృత్తిసంబంధమైన స్థితిగా నిర్వచించెను. ఈ భేదము గమనింపదగినది. రోగమైనచో దాని మూలమును రోగియందు వెదకుదుము; పనివలన కలుగునదైనచో పని ఏర్పాటునందు వెదకవలెను. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యాంశము ఇదియే.

ఈ గ్లాని శస్త్రవైద్యులలో ఎంతగా వ్యాపించినదో చూతము. అమెరికను కాలేజ్ ఆఫ్ సర్జన్స్ అను సంస్థ 2008లో తన సభ్యులను ప్రశ్నింపగా 7,905 మంది సమాధానములు పంపిరి. వారిలో నూటికి 40 మందియందు వృత్తిగ్లాని, 30 మందియందు మనోవ్యాకులత సూచనలు కనబడినవి. కుటుంబమునకు చాలినంత కాలము మిగులుచున్నదని చెప్పినవారు నూటికి 36 మంది మాత్రమే. తమ బిడ్డలను వైద్యవృత్తిలో చేరుమని ప్రోత్సహింతుమన్నవారు 51 మంది. వయస్సున చిన్నవారికి, బిడ్డలు గలవారికి, వారమున ఎక్కువ రాత్రులు పిలుపునకు సిద్ధముగా నుండవలసినవారికి, ఎక్కువ గంటలు పనిచేయువారికి, చేసిన చికిత్సల బిల్లులను బట్టియే ఆదాయము లభించువారికి ఈ బాధ అధికమని ఆ పరిశీలనమున తేలినది. ఈ పట్టికలో పెక్కు అంశములు పని ఏర్పాటునకు చెందినవే గాని మనుష్యుని స్వభావమునకు చెందినవి కావు.

మొదటి కారణము పనికి కాలపరిమితి లేకపోవుట. దీనికి ఒక చరిత్ర కలదు. బాల్టిమోరు నగరమున 1889లో తెరచిన జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో విలియం హాల్స్టెడ్ అను మహాశస్త్రవైద్యుడు శిక్షణపద్ధతి నొకదానిని నెలకొల్పెను. శిష్యులు ఆసుపత్రియందే నివసించుచు రేయింబవళ్ళు పనిచేయవలెను. ‘రెసిడెంట్’, అనగా నివాసి, అను పేరు ఇట్టి వాసమును బట్టి వచ్చినదే. ఆ పద్ధతి గొప్ప శస్త్రవైద్యులను తయారుచేసెను. అయితే హాల్స్టెడ్ 1884లో కొకేనును మత్తుమందుగా పరీక్షించుచు తానే దానికి బానిస యయ్యెను. పిమ్మట మార్ఫీనును విడువలేకపోయెను. గురువు శరీరమునకే దుర్భరమైన భారము మోయుచుండగా, శిష్యుల ఓర్పునకు హద్దు పెట్టవలెనన్న తలంపు ఆ కాలమున ఎవరికిని కలుగలేదు.

రెండవ కారణము ఆ పనియొక్క స్వభావమే. గంటల కొలది నిలువుకాళ్ళపై మెడ వంచి, చూపు మరల్పక నిలువవలెను. అనుకొనని చోట రక్తస్రావమైనచో క్షణములలో నిర్ణయము చేయవలెను. శస్త్రకర్మ చేయు వైద్యునకు ధైర్యము, హస్తలాఘవము, చెమట పట్టకుండుట, చేయి వణకకుండుట, తడబడకుండుట అవసరమని మన సుశ్రుత సంహితయందే చెప్పబడియున్నది. ఇవి ఆపరేషను బల్ల యొద్ద నిజముగా కావలసిన గుణములు. కాని బల్ల యొద్ద వణకకుండుట నేర్చినవాడు బల్లను విడిచిన తరువాత కూడ "నాకు కష్టముగా నున్నది" అని చెప్పజాలని స్థితికి వచ్చును. సహాయము కోరినచో తన వైద్యవృత్తి లైసెన్సునకు భంగము కలుగునేమోనని జంకువారు పెక్కుమంది కలరని 2011లో వెలువడిన మరియొక అమెరికా పరిశీలనము తెలిపినది.

మూడవ కారణము పొరపాటు భారము. పైని చెప్పిన 2008 ప్రశ్నావళిలోనే, గడచిన మూడు నెలలలో పెద్ద పొరపాటు చేసితిమేమో యని నూటికి సుమారు 9 మంది తెలిపిరి. వారిలో నూటికి 70 మందికి పైగా దానికి కారణము తామే యనిరి గాని, ఏర్పాటులోని లోపమనలేదు. వృత్తిగ్లాని ఎక్కువైన కొలది పొరపాటు జరిగినదని చెప్పుటయు ఎక్కువయ్యెను. ఏది ముందో ఏది వెనుకో నిర్ణయించుట కష్టము. అలసినవాడు పొరపాటు చేయవచ్చును, పొరపాటు చేసినవాడు కుమిలి మరింత అలసిపోవచ్చును. పొరపాటున మొదట బాధపడువాడు రోగియే. ఆ వెనుక వైద్యుడు కూడ గాయపడునని గుర్తించి ఆల్బర్ట్ వూ అను వైద్యుడు 2000లో అట్టివానిని ‘రెండవ బాధితుడు’ అని పేర్కొనెను.

నాల్గవది, చికిత్సతో సంబంధము లేని పని. అమెరికాలో ఎముకల శస్త్రవైద్యులతో సహా నాలుగు విభాగముల వైద్యులను పరిశీలింపగా, రోగితో గడపిన ప్రతి గంటకు కంప్యూటరు వద్దను కాగితముల వద్దను దాదాపు రెండు గంటలు గడచుచున్నవని 2016లో తేలినది. మన దేశమున దీనికి తోడు వైద్యుల కొరత. గ్రామీణ సామాజిక ఆరోగ్య కేంద్రములలో ఉండవలసిన శస్త్రవైద్యులలో నూటికి 80కి మించి లోటు ఉన్నట్లు 2021–22 నాటి కేంద్రప్రభుత్వ గణాంకములు తెలిపినవి. పల్లెలో చికిత్స దొరకని రోగులందరు పట్టణపు పెద్దాసుపత్రికే చేరుదురు. ఆ భారమంతయు అచ్చటి పడుచు వైద్యులపై పడును.

ఇక ప్రతిక్రియల సంగతి. న్యూయార్కున 1984లో 18 సంవత్సరముల విద్యార్థిని యొకతె ఆసుపత్రిలో చేరిన కొన్ని గంటలలోనే మరణించెను. దానిపై జరిగిన విచారణలో శిక్షణలోని వైద్యుల పనిగంటల విషయము బయటపడెను. అందుమీదట 1989లో ఆ రాష్ట్రమున వారమునకు 80 గంటల పరిమితి ఏర్పడినది. 2003లో అది అమెరికా దేశమంతటి శిక్షణకు వర్తించినది. మన దేశమున 1992 నాటి కేంద్రప్రభుత్వ ఉత్తరువు ప్రకారము రెసిడెంటు వైద్యుల ఎడతెగని డ్యూటీ సాధారణముగా దినమునకు 12 గంటలను, మొత్తము పని వారమునకు 48 గంటలను మించరాదు. 2024లో జాతీయ వైద్య కమిషను నియమించిన కార్యదళము 74 గంటలు మించరాదని సిఫారసు చేసినది. 48 అని వ్రాసిన 32 సంవత్సరములకు 74 అని కోరవలసివచ్చుటయే ఉత్తరువునకును ఆచరణకును గల దూరమును తెలుపుచున్నది.

గంటలను తగ్గించినంతనే అంతయు చక్కబడునని మేము చెప్పజాలము. అమెరికాలో 117 శస్త్రశిక్షణ కార్యక్రమములను రెండుగా విభజించి, కొన్నిట 80 గంటల పరిమితిని నిలిపియే ఒక్కొక్క డ్యూటీ నిడివిపై గల నిబంధనలను సడలించి చూచిరి. 2016లో వెలువడిన ఫలితముల ప్రకారము రోగుల క్షేమమున భేదము కనబడలేదు. వైద్యుడు మారినప్పుడెల్ల రోగి వృత్తాంతమును మరియొకరికి అప్పగింపవలెను. ఆ అప్పగింతలో తప్పులు దొర్లవచ్చును. కావున గంటల లెక్కతో పాటు చాలినంత మంది వైద్యులు, కాగితపు పనికి సహాయకులు, పొరపాటును దాచక చర్చించుకొను ఆచారము, భయము లేక సలహా పొందు సదుపాయము – ఇవన్నియు కలిసిరావలెను.

"మా కాలమున మేమిట్లే కష్టపడితిమి, నేటివారికి ఓర్పు లేదు" అను మాట తరచు వినబడును. శ్రమ లేక శస్త్రవిద్య రాదనుట సత్యమే. కాని శ్రమ వేరు, క్షయము వేరు. శ్రమ నేర్పును పెంచును. క్షయము నేర్చినదానిని కూడ హరించును.

విద్యార్థులారా! ఇది చదివి వైద్యవిద్యకు వెనుదీయవలదు. మీవంటి బుద్ధిమంతులు చాలినంతమంది ఆ వృత్తిలో చేరినప్పుడే ఒక్కొక్కరి భారము తగ్గును. తెలుగున చదివి పొరుగుభాషల నడుమ పెరిగిన మీరు ఇరువురు రోగులతో రెండు భాషలలో మాటలాడగలరు. అది ఆసుపత్రియందు అల్పమైన లాభము కాదు. అయితే అలసటను ఒప్పుకొనుట పిరికితనము కాదని ఇప్పటినుండియే నేర్చుకొనుడు. పరీక్షల దినములలో రాత్రులు మేల్కొనుట ఘనతగా చెప్పుకొనక, వేళకు నిదురింపుడు. ఇక పెద్దలకు మా మనవి యొక్కటి. ఆసుపత్రిలో ఆలస్యమైనప్పుడు ఎదుటనున్న పడుచు వైద్యునిపై కోపించుటకు ముందు, అతడు ఎన్ని గంటలనుండి నిలిచియున్నాడో, ఆ చోట ఉండవలసిన ఇతర వైద్యులు ఏల లేరో విచారింపుడు. ఆ ప్రశ్నను అడుగవలసినది అతనిని గాదు, ఆసుపత్రిని నడుపు అధికారులను.