చలి నెరుగని ఇండ్లు

తెలుగులో 'మంచు' అను ఒక్క మాట పెక్కు పనులు చేయుచున్నది. తెల్లవారుజామున గడ్డిపోచలపై మెరయు బిందువు మంచే. ధనుర్మాసమున ఎదుటి మనిషి కనబడకుండ ఊరిని కప్పివేయునదియు మంచే. హిమాలయ శిఖరములపై ఏడాది పొడుగునా పేరుకొని యుండునదియు మంచే. తుషారమనియు, నీహారమనియు, హిమమనియు సంస్కృతమునుండి తెచ్చుకొన్న మాటలు కావ్యములలో కొలువున్నవి గాని సంతకు దిగి రాలేదు. ఇంగ్లీషువాడు వీనిలో ప్రతిదానికిని వేరు పేరు పెట్టుకొన్నాడు. వాని పొలము, వాని త్రోవ, వాని చెప్పులు ఆ తేడాలపై ఆధారపడి యున్నవి. తెలుగువానికి అట్టి అవసరము కలుగలేదు. ఆకాశమునుండి దూదిపింజెలవలె రాలు మంచును ఆతడు బొమ్మలలో చూచినాడే గాని, వాకిటినుండి పారతో ఎత్తిపోసి యెరుగడు.

అవసరము కలుగనిచోట మాటలే కాదు, గోడలును, గొట్టములును, అలవాట్లును కూడ ఏర్పడవు. వేడి సీమలలో అరుదుగా మంచు కురిసినప్పుడు జనులు పడు అవస్థను ఇందుండియే గ్రహింపవలెను. 2021 ఫిబ్రవరిలో టెక్సాస్ రాష్ట్రమున జరిగిన ఉదంతము దీనికి చక్కని దృష్టాంతము.

టెక్సాస్ అమెరికా సంయుక్త రాష్ట్రములలో దక్షిణపు కొసనున్నది. హ్యూస్టన్ నగరము ఢిల్లీకంటె కొంచెము ఎగువగా 30వ అక్షాంశముకడను, డల్లాస్ ఇంచుమించు మన జమ్మూ అక్షాంశముననూ ఉన్నవి. వేసవిలో డల్లాసులో ఉష్ణోగ్రత 40 సెంటిగ్రేడు డిగ్రీలు దాటుట వింత కాదు. ఆ నగరము చుట్టునున్న ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో పట్టణములలో వేలకొలది తెలుగు కుటుంబములు స్థిరపడినవి. కృష్ణా, గుంటూరు సీమల ఎండలకు అలవాటుపడిన వారికి అచటి ఎండలు కొత్త కాదు. పెరటిలో బెండయు గోంగూరయు పండించుకొందురు. కరివేపాకు మొక్కను మాత్రము కుండీలో పెంచి, చలి దినములు రాగానే ఇంటిలోనికి మోసికొని వత్తురు. శీతకాలమునకు ముందుజాగ్రత్త యనగా చాల ఇండ్లలో ఇంచుమించు అంతవరకే.

ఆ ఇండ్లును ఎండను మనసులో నుంచుకొని కట్టినవే. నేలపై కాంక్రీటు పలకను పరచి, దానిపై కొయ్య చట్రముతో గోడలు లేపుదురు. నేలక్రింది గది యుండదు. నీటిగొట్టములు అటకమీదుగను, బయటి గోడల లోపలినుండియు పోవుచుండును. ఉత్తరపు చలి రాష్ట్రములలోనైనచో గొట్టములను ఇంటి నడుమ వెచ్చని తావున నుంచుదురు. వీధి గొట్టములను నేలలో బాగుగ లోతున పాతుదురు. టెక్సాసులో సగమునకు పైగా ఇండ్లు చలికాలమున వెచ్చబడుటకు విద్యుచ్ఛక్తి మీదనే ఆధారపడి యున్నవి. కరెంటు పోయిన నాడు దీపముతోపాటు వెచ్చదనమును పోవును. విద్యుత్కేంద్రముల సంగతియు ఇట్టిదే. ఉత్తరమున బాయిలర్లను, టర్బైనులను భవనములలో మూసి యుంచుదురు. టెక్సాసులో వేసవి వేడి చేరకుండుటకై పెక్కింటిని ఆరుబయటనే నిలిపినారు. ఎండకు అది తెలివైన ఏర్పాటు. నూటికి తొంబది దినములు తెలివిగా నుండునది మిగిలిన పది దినములలో ప్రాణాంతకము కావచ్చునని ఎవరును తలంపలేదనుటకు మాత్రము వీలులేదు. 1989 డిసెంబరులోను, 2011 ఫిబ్రవరిలోను చలి వచ్చి విద్యుత్తు నిలిచిపోయినది. యంత్రములను చలికి తట్టుకొనునట్లు సిద్ధపరుపవలెనని 2011లో విచారణ జరిపిన అధికారులు స్పష్టముగా చెప్పిరి. ఆ మాటలు సలహాలుగానే మిగిలిపోయినవి. అరుదుగా వచ్చు ఆపదకు ఏటేటా సొమ్ము ఖర్చుపెట్టుటకు మనిషి చేయి అంత సులభముగా ముందుకు రాదు.

2021 ఫిబ్రవరి 11న ఉదయము ఫోర్ట్‌వర్త్ నగరమున సన్నని వాన చినుకులు నేలను తాకగానే గడ్డకట్టి, రహదారి అద్దమువలె మారినది. నిమిషములలో 130కి పైగా వాహనములు ఒకదానితో నొకటి ఢీకొని, 6 మంది మరణించిరి. మరునాడు గవర్నరు రాష్ట్రమునందలి 254 కౌంటీలలోను విపత్తును ప్రకటించెను. 14వ తేదీ ఆదివారము మంచు కురియసాగినది. మంచు బొమ్మలు చేసికొను పిల్లలకు అది పండుగయే. చలి మాత్రము తరిగిపోక ఇంకను పెరిగినది. 16వ తేదీన డల్లాస్ విమానాశ్రయమున ఉష్ణోగ్రత సున్నకు దిగువ 19 డిగ్రీలకు చేరినది. 1949 తరువాత ఆ ఊరు అంతటి చలి నెరుగదు. సముద్రతీరమునకు చేరువనున్న హ్యూస్టనులో సున్నకు దిగువ పదిన్నర డిగ్రీలు.

15వ తేదీ రాత్రి రెండు జాములు దాటిన తరువాత అసలు కథ జరిగినది. ఇండ్లన్నియు ఒక్కసారిగా వెచ్చదనమును కోరుటచే విద్యుత్తు అవసరము పెరిగినది. ఆ గడియలోనే ఉత్పత్తి తరిగినది. భూమినుండి సహజవాయువుతో కూడ కొంత నీరును పైకి వచ్చును. ఆ నీరు బావి నోటికడ గడ్డకట్టి వాయువును ఆపివేసినది. వాయువును గొట్టములలో నెట్టు యంత్రములు కొన్ని కరెంటుతో నడుచును; కరెంటు తీసివేయగా వాయువు ఇంకను తగ్గినది; వాయువు తగ్గగా కరెంటు ఇంకను తగ్గినది. పాము తన తోకను తానే మ్రింగుచున్నట్లైనది. గాలిమరల రెక్కలపై మంచు పేరుకొని కొన్ని నిలిచిపోయినవి. తీరముననున్న అణువిద్యుత్కేంద్రములోని రెండు రియాక్టర్లలో ఒకటి, నీటి పంపు ఒత్తిడిని కొలుచు చిన్న గొట్టము గడ్డకట్టినంతమాత్రమున ఆగిపోయినది.

అమెరికాలో విద్యుత్తు సెకనుకు 60 ఆవృత్తుల వేగమున నడువవలెను. అవసరము ఎక్కువై ఉత్పత్తి చాలనప్పుడు, బరువెక్కిన బండి ఎద్దులవలె ఆ వేగము మందగించును. ఆ రాత్రి అది 59.4కు దిగువన 4 నిమిషముల 23 సెకన్లు ఉన్నది. 9 నిమిషములు ఉన్నచో యంత్రములు తమ్ము తాము కాపాడుకొనుటకై ఒకటివెంట నొకటి విడిపోయి, రాష్ట్రమంతటను విద్యుద్వ్యవస్థ కుప్పకూలి యుండెడిది. దానిని మరల నిలబెట్టుటకు వారములు, బహుశః నెలలు పట్టును. ఇరుగుపొరుగు రాష్ట్రములనుండి సాయము తెచ్చుకొందమన్నను త్రోవలు ఇరుకైనవి. కేంద్రప్రభుత్వ నియంత్రణ తమపై పడరాదను తలంపుతో టెక్సాస్ తన విద్యుత్తు తీగలను తక్కిన దేశముతో అంటీ అంటనట్లు ఉంచుకొన్నది. ఇక అధికారులకు మిగిలిన ఉపాయమొక్కటే: ఊళ్ళకు ఊళ్ళు చీకటి చేయుట. 45 లక్షలకు పైగా ఇండ్లకు, దుకాణములకు కరెంటు పోయినది. కొన్ని గంటలలో వచ్చునన్నది కొందరికి మూడు నాలుగు దినములైనను రాలేదు.

తరువాతి వంతు గొట్టములది. నీరు గడ్డకట్టునప్పుడు నూటికి 9 పాళ్ళు పెరుగును. ఈ సంగతి ప్రతి బడిలోను సామాన్యశాస్త్రపు పాఠముగా చెప్పుదురు. గడ్డ యొకవైపునను, మూసిన కొళాయి యొకవైపునను ఉండగా నడుమ చిక్కిన నీటిపై ఒత్తిడి పెరిగి గొట్టము పగులును. అందుచే కొళాయిని సన్నని ధారగా విడిచి యుంచవలెను. ఈ చిట్కా తెలిసినవారు విడిచిరి. కాని లక్షల ఇండ్లలో ఒకేసారి విడిచినందునను, పగిలిన గొట్టములనుండి నీరు వృథాగా పారినందునను, నీటికేంద్రములకు కరెంటు లేనందునను ఊరి నీటి ఒత్తిడియే పడిపోయినది. కోటిమందికి పైగా నీటిని కాచి త్రాగవలసి వచ్చెను. కాచుటకు పొయ్యి వెలుగని ఇండ్లు ఎన్నో. పగిలిన గొట్టము సంగతి గడ్డ కరగునంతవరకు తెలియదు. కరగిన మరుక్షణమున అటకనుండి గదిలోనికి జలపాతము దిగును.

అట్టి ఇంటిలో మనిషి ఏమి చేయును? కుటుంబమంతయు ఒకే గదిలో చేరి, కిటికీలకు దుప్పట్లు కట్టి, తలుపు సందులలో తువ్వాళ్ళు కుక్కెను. చీరెలు, శాలువలు, ఉన్నవన్నియు ఒంటికి చేరెను. వాకిటి మంచును బకెట్లకెత్తి కరగించి మరుగుదొడ్డిలో పోసికొనిరి. కరెంటున్న ఇంటివారు లేనివారిని పిలిచి పడకలిచ్చిరి. హ్యూస్టనులో జిమ్ మకింగ్‌వేల్ అను ఫర్నిచరు వర్తకుడు తన దుకాణములను తెరచి, అమ్మకపు పరుపులు, సోఫాల మీదనే జనులను పడుకొననిచ్చెను.

కొన్ని ఉపాయములు చలికంటె చెడ్డవైనవి. కొందరు మాంసము కాల్చు బొగ్గు పొయ్యిని ఇంటిలో వెలిగించిరి. కొందరు మూసిన షెడ్డులో కారు ఇంజను నడుపుచు అందు కూర్చుండిరి. మూసిన చోట మండు నిప్పునుండి కార్బన్ మోనాక్సైడు అను వాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు, నిద్రవలె వచ్చును. రాష్ట్రారోగ్యశాఖ లెక్కించిన 246 మరణములలో 19 ఈ విషవాయువు వలన కలిగినవి. మొత్తములో ఇంచుమించు మూడింట రెండు వంతులమంది దేహపు వేడి పడిపోయి మరణించిరి.

నోరులేని ప్రాణులకును ఆ చలి తగిలినది. దక్షిణతీరమున సముద్రపు నీరు చల్లబడగా పచ్చ తాబేళ్ళు కొయ్యబారి, ఈదలేక, నీటిపై తేలియాడినవి. సౌత్ పాడ్రె దీవి ప్రజలు పడవలలోను, తమ కార్లలోను వానిని మోసి తెచ్చి, ఊరి సభాభవనపు నేలపై వరుసలుగా పరచిరి. అట్లు కాపాడుటకు చేర్చినవి దాదాపు 5,000.

చలి ఎంత యను ప్రశ్నకంటె, అది ఎవరి వాకిటికి వచ్చినదను ప్రశ్న పెద్దదని వైద్యులు ఇంతకుముందే గుర్తించిరి. కీటింజ్ అను శాస్త్రవేత్తయు ఆయన సహచరులును యూరపులోని పలు ప్రాంతములలో పరిశోధించి 1997లో లాన్సెట్ వైద్యపత్రికలో ప్రకటించిన లెక్కలు నేటికిని ఆశ్చర్యము గొల్పును. ఉష్ణోగ్రత 18 డిగ్రీలకు దిగువ ఒక్కొక్క డిగ్రీ తగ్గినకొలది మరణములు ఏథెన్సులో నూటికి 2.15 పాళ్ళు పెరిగినవి. దక్షిణ ఫిన్లాండులో 0.27 పాళ్ళు మాత్రమే. బయట 7 డిగ్రీలున్న దినమున ఏథెన్సు ఇంటి ముందుగదిలో 19.2 డిగ్రీలు, ఫిన్లాండు ఇంటిలో 21.7. అట్టి దినముననే బయటికి పోవుచు టోపీ పెట్టుకొన్నవారు ఏథెన్సులో నూటికి 13 మంది, ఫిన్లాండులో 72 మంది. మంచులో పుట్టినవాడు 7 డిగ్రీలకే తల కప్పుకొనును. ఎండలో పుట్టినవాడు "ఈ పూటకేమిలే" యని గడప దాటును. ఇట్టి మరణములలో పెక్కు మంచులో బిగుసుకొని జరిగినవి కావు; చలికి రక్తనాళములు ముడుచుకొని, రక్తము చిక్కబడి, గుండెకును ఊపిరితిత్తులకును ముప్పు కలిగినవి.

ఆసియాలోని వెచ్చని నగరములు దీనిని కొంతవరకు లెక్కలోనికి తీసికొన్నవి. హాంగ్‌కాంగులో 2016 జనవరి 24న ఉష్ణోగ్రత 3.1 డిగ్రీలకు దిగినది. 1957 తరువాత అదియే కనిష్ఠము. డల్లాసువానికి అది చలియే కాదు. కాని వెచ్చబరచు ఏర్పాట్లు లేని ఆ ఇండ్లలో అది గోడలలోనికి పాకినది. మరునాడు చిన్నపిల్లల బడులకు సెలవిచ్చిరి. తెల్లని నెమ్మును చూడవలెనని తాయ్‌మోషాన్ కొండ యెక్కిన వేడుకరులు కాళ్ళు జారి దిగలేకపోగా, అగ్నిమాపకదళమువారు పోయి దింపవలసి వచ్చెను. వియత్నాము రాజధాని హనోయిలో ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగువకు పోయినచో ప్రాథమిక పాఠశాల పిల్లలును, 7 డిగ్రీలకు దిగువకు పోయినచో మాధ్యమిక పాఠశాల పిల్లలును ఇంటనే యుండవచ్చునను నియమమున్నది. మార్చినెలలో ఒంటిపూట బడులు నడుపు తెలుగు ఉపాధ్యాయులకు ఈ నియమము వింతగా తోచదు. ఎండకు గంట కొట్టినట్లే వారు చలికి గంట కొట్టుచున్నారు.

తెలుగునేలపై చలికి పేరుపొందిన తావు అల్లూరి సీతారామరాజు జిల్లాలోని లంబసింగి. సముద్రమట్టమునకు ఇంచుమించు 1,000 మీటర్ల ఎత్తున, చింతపల్లి మండలములో నున్నది. దానికి కొర్రబయలు అని మరియొక పేరు. బయట పడుకొన్నవాడు తెల్లవారుసరికి కొయ్యవలె బిగుసుకొనునని ఆ పేరునకు అర్థము చెప్పుదురు. అచట 'మంచు కురియుచున్నది' అని ఏటేటా పత్రికలలో వార్త వచ్చును. దానిని చదివి సిమ్లాను ఊహించుకొని పోయినవారికి కనబడునది పొగమంచును, గడ్డిపై నెమ్మును. ఒక్క మాట పెక్కు పనులు చేయుటవలన వచ్చు చిక్కు ఇది. ఆ మన్యపు గూడెములలో నెగడు బయట వేయుట ఆచారము. పట్టణములలో మాత్రము కుంపటిని మంచము ప్రక్కన పెట్టుకొని, చలిగాలి రాకుండ తలుపు గడియ వేయు అలవాటు ఇంకను పోలేదు. టెక్సాసులో 19 మందిని బలిగొన్న వాయువు ఈ కుంపటినుండియు పుట్టును. కిటికీ రెక్క ఒకటి తెరచి యుంచుట మేలు. నిద్రకు ముందు కుంపటిని వాకిట పెట్టుట ఇంకను మేలు.

టెక్సాస్ శాసనసభ 2021లోనే విద్యుత్కేంద్రములను చలికి సిద్ధపరుపవలెనని చట్టము చేసినది. పదేండ్ల క్రిందట సలహాగా నున్నది ఆజ్ఞయైనది. 2022 డిసెంబరులోను, 2024 జనవరిలోను మరల గట్టి చలి వచ్చినది. ఈసారి ఊళ్ళను చీకటి చేయవలసిన అగత్యము రాలేదు. ఇండ్ల గొట్టములు మాత్రము పెక్కుచోట్ల పాతవే. చలి కబురు రాగానే దుకాణములలో కొళాయిలకు తొడుగు నురుగుతొడుగులు గంటలలో అమ్ముడుపోవుచున్నవి. తెలుగిండ్లలో రాత్రి పడుకొనబోవు ముందు వంటింటి కొళాయిని సన్నని ధారకు విడిచి, తొట్టిలో నీరు పట్టి, పెరటి తలుపుకడ నున్న కరివేపాకు కుండీని లోపలికి జరుపుచున్నారు.