మెట్లెక్కితే మాయాబజార్!

2010 జనవరి 30. ‘మాయాబజార్’ రంగుల్లో విడుదలైన రోజు. హాలు ముందు కుర్రకారు ఈలలు, కేకలు! బాల్కనీ మెట్ల దగ్గర మాత్రం నా గుండె దడదడలాడుతోంది. టికెట్లు దొరక్క కాదండోయ్... నా పక్కన మా అమ్మ ఉంది. వయసు అరవై ఏడు. ఎదురుగా ఇరవై నాలుగు మెట్లు!

“ఒరేయ్, చెయ్యి వదులు. నేనెక్కుతాను” అంది.

ఆ మాట వెనక ఓ ఫ్లాష్‌బ్యాక్ ఉంది. చెప్పమంటారా?

1957లో ‘మాయాబజార్’ మొదటిసారి వచ్చినప్పుడు అమ్మకి పద్నాలుగేళ్లు. పల్లెటూరి పిల్ల. స్నేహితురాళ్లతో మూడు మైళ్లు నడిచివెళ్లి, నేల టికెట్టులో సినిమా చూసి, మళ్లీ మూడు మైళ్లు నడిచే వచ్చిందట. దారి పొడుగునా ఘటోత్కచుడి కబుర్లే! రోజూ బావిలో నీళ్లు తోడి, సాయంత్రం తొక్కుడుబిళ్ల ఆడిన కాళ్లవి. వ్యాయామం అనే మాట తెలియకుండానే వ్యాయామం జరిగిపోయేది.

2009 వానాకాలంలో అమ్మ పెరట్లో జారిపడింది. ఎముక విరగలేదు. మడమ బెణికిందంతే. డాక్టరుగారు నాలుగు రోజులు కాలు కదపొద్దన్నారు. ఆ నాలుగు రోజుల్ని మూడు వారాలు చేసిన ఘనుణ్ని నేనే! “నువ్వు లేవకమ్మా” అంటూ కాఫీ, భోజనం, టీవీ అన్నీ మంచం దగ్గరికే చేర్చాను. ప్రేమే... కాదనను. కానీ వాపు తగ్గాక మంచం దిగబోతే అమ్మ కాళ్లు నిలవలేదు. ఆ రాత్రి ఆవిడ గోడవైపు తిరిగి ఏడవడం నేను విన్నాను.

ఇంతకీ ఈ కథలో విలన్ ఎవరు? వయసే అనుకున్నాను. పొరపాటు!

1966లో అమెరికాలోని డల్లాస్ నగరంలో ఓ ప్రయోగం చేశారు. ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు ఐదుగురు... అందరూ ఆరోగ్యవంతులే. వాళ్లని మూడు వారాలు మంచం మీదే ఉంచారు. ఒంట్లో శ్రమపడే శక్తి దారుణంగా పడిపోయింది. ముప్ఫై ఏళ్ల తర్వాత ఆ ఐదుగుర్నే మళ్లీ పరీక్షించారు. ఫలితం వింటే ఆశ్చర్యపోతారు. ముప్ఫై ఏళ్ల వయసు చేసిన నష్టం కన్నా ఆ మూడు వారాల మంచం చేసిన నష్టమే ఎక్కువ! అంతటితో ఆగలేదు. ఆరు నెలలపాటు నడక, పరుగు, సైకిలు చేయిస్తే, గుండె, ఊపిరి ముప్ఫై ఏళ్లలో పోగొట్టుకున్న శక్తి తిరిగొచ్చింది.

లండన్ బస్సుల కథ ఇంకా సరదాగా ఉంటుంది. డ్రైవరు రోజంతా కూర్చుంటాడు. కండక్టరు డబుల్ డెక్కర్ మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటాడు. బస్సు ఒకటే, రోడ్డూ ఒకటే. కానీ గుండెజబ్బు డ్రైవర్లలోనే ఎక్కువ! ఈ సంగతి 1953లో లోకానికి చెప్పిన డాక్టర్ జెర్రీ మోరిస్, 99 ఏళ్లు బతికి 2009లో కన్నుమూశారు.

మన తారల్నే చూడండి. బృహన్నల వేషం కోసం ఎన్టీఆర్‌గారు వెంపటి చినసత్యంగారి దగ్గర కూచిపూడి నేర్చుకున్నారు. ‘నర్తనశాల’ వచ్చింది 1963లో. అంటే ఆయనకి నలభై ఏళ్లు! “ఈ వయసులో డాన్సేమిటి?” అనుకుని ఉంటే మనకి ఆ బృహన్నల దక్కేదా? అక్కినేనిగారికి 1974లో గుండె ఆపరేషన్ అయింది. ఏడేళ్ల తర్వాత, 1981లో, ‘ప్రేమాభిషేకం’లో హీరోగా జనాన్ని ఏడిపించారు. ఆయన చివరి సినిమా ‘మనం’ 2014లో, ఆయన వెళ్లిపోయాక విడుదలైంది. అలా చివరిదాకా కెమెరా ముందు నిలబడ్డారాయన.

ఇక మీ సంగతి. పద్దెనిమిది దాటని తమ్ముళ్లు, చెల్లెళ్లు రోజుకి సగటున గంటసేపు చెమట పట్టేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాల చురుకైన నడక చాలు. ఎముకల బలం కూడబెట్టుకునేది ఇంచుమించు ముప్ఫై ఏళ్లలోపే. ఆ తర్వాత ఉన్నది కాపాడుకోవడమే. ఇప్పుడు దూకే దూకుళ్లు, తొక్కే సైకిళ్లు రేపటికి దాచుకున్న డబ్బులాంటివి. ఫోను చేతిలో పట్టుకుని మంచంమీద పడుకునే బాబులూ, వింటున్నారా?

మరి దాచుకోకుండానే వయసు మళ్లినవాళ్ల గతేమిటి? 1990లో బోస్టన్‌లోని ఓ వృద్ధాశ్రమం నుంచి కబురొచ్చింది. అక్కడ 86 నుంచి 96 ఏళ్లవాళ్ల చేత ఎనిమిది వారాలు కాళ్లతో బరువులెత్తించారు. కాళ్ల బలం సగటున రెండున్నర రెట్లు దాటింది! తొంభైలో కూడా కండ మాట వింటుందన్నమాట.

అమ్మకి కసరత్తు నేర్పడానికి ఓ అమ్మాయి వచ్చింది. గోదా లేదు, గదలు లేవు. కుర్చీలోంచి లేవడం, కూర్చోవడం... అంతే! మొదటి రోజు మూడుసార్లకే ఆయాసం. వారానికి ఐదుసార్లు. తర్వాత పది. ఆపైన గోడ పట్టుకుని ఒంటికాలిమీద నిలబడటం, తర్వాత వీధి చివరిదాకా నడక. “రంగుల మాయాబజార్ వస్తోందటమ్మా” అన్నాక ఇంక చెప్పే పని లేకపోయింది. గుండెజబ్బో, కీళ్ల బాధో ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగే మొదలుపెట్టాలి సుమా!

ఇక క్లైమాక్స్. అమ్మ ఇరవై నాలుగు మెట్లూ ఎక్కింది. పన్నెండో మెట్టు దగ్గర ఆగింది. నేను చెయ్యి చాపాను. తోసేసింది! పైకెళ్లాక రొప్పుతూ, “ఆరు మైళ్లు నడిచినదాన్నిరా” అంది, ఘటోత్కచుడి లెవెల్లో.

ఇప్పుడు ఆవిడకి ఎనభై దాటింది. రోజూ పొద్దున కుర్చీ కసరత్తు మానదు. నేను సోఫాలో కూర్చుని ఈ వ్యాసం రాస్తుంటే ఇప్పుడే వచ్చి, “ఎంతసేపయిందిరా కూర్చుని? లే!” అంది.

లేస్తున్నాను. మీరు కూడా!